పాత లెక్క పన్నెండో నెల

కొట్టే సూపరింటెండెంటుతో వేగవచ్చు. కొట్టి ఊరుకుంటాడు. సాహిత్యం మీద ప్రేమ ఉన్న సూపరింటెండెంటు చేతిలో మాత్రం పడకూడదు. నేను పడ్డాను. నాతో పాటు నామ్ బున్‌సన్ పడింది. నేను ఎలాగో లేచి దులుపుకున్నాను. ఆమె సంగతి చెప్పడానికే ఇదంతా.

మాది దక్షిణాన ఒక ఆడవాళ్ల జైలు. ఊరి పేరు చెప్పను. అక్కడ నాకింకా చుట్టాలున్నారు, నేను సోయా గింజలు కలిపిన జైలు అన్నం తిన్నానని వాళ్ల కోడళ్లకు తెలియదు. నాది చిట్టీల కేసు. పాట పాడుకున్నవాళ్లు పారిపోయారు, చిట్టీ నడిపిన నేను దొరికిపోయాను. అందుకే లోపల నన్నందరూ చిట్టీలక్క అనేవారు. అసలు పేరు గిల్‌జా. ఆ పేరుతో పిలిచింది బున్‌సన్ ఒక్కతే.

మేమున్న రోజుల్లోనే కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. వచ్చీ రాగానే నడవ చివర పసుపు రంగు రేకు డబ్బా ఒకటి పెట్టించాడు. దాని మీద "మనసు విప్పి రాయండి" అని అందంగా రాయించాడు. ఆదివారం మధ్యాహ్నం మనిషికో కాయితం, గదికో పెన్ను ఇచ్చేవారు. ఎవరి కష్టం వాళ్లు నేరుగా ఆయనకే అర్జీ రాసుకోవచ్చు. దుప్పటి కావాలా, రాయి. పన్ను నొప్పా, రాయి. అమ్మ పోయింది, ఒక్కపూట పంపమంటావా, రాయి. "తండ్రివంటి సూపరింటెండెంటుగారికి" అని మొదలుపెట్టాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ రాయందే నాన్నగారు పెట్టరే అని మేం నవ్వుకునేవాళ్లం.

రాసినా పెట్టేవాడు కాదనుకోండి. అర్జీ ఎర్రసిరాతో వెనక్కి వచ్చేది. "ఇక్కడ భావం చాలలేదు." "పశ్చాత్తాపం పైపైన ఉంది." మా పక్క గదిలో ఒకామె చలికి తట్టుకోలేక ఇంకో దుప్పటి ఇప్పించమని రాసింది. రెండో పేరాలో చలిని ఇంకా బాగా వర్ణించవచ్చు అని రాసి పంపాడు మహానుభావుడు. దుప్పటి పంపలేదు. పన్ను నొప్పికి పశ్చాత్తాపం ఏమిట్రా నీ మొహం మండ అని నేను గోడకు చెప్పుకున్నాను.

మా గదిలో అర్జీలు రాసే పని యూన్‌ది. బయట ఆమె వృత్తి సంబంధాలు కుదర్చడం. ఒకే పిల్లను ముగ్గురు పెళ్లికొడుకులకు కుదిర్చి, ముగ్గురి దగ్గరా లాంఛనాలు పుచ్చుకున్న ఘనురాలు. పెళ్లిళ్ల పేరమ్మ అంటే పలికేది. ఆమె రాస్తే రాయి కూడా ఏడుస్తుందని పేరు. రాసిపెట్టినందుకు కూలి, ఆ వారం మన పళ్లెంలోకి వచ్చిన సోయాపాల టోఫు ముక్క.

బున్‌సన్ వసంతం మొదట్లో వచ్చింది, వీపున బిడ్డను కట్టుకుని. పొట్టి మనిషి, మగవాడివంటి మణికట్లు, ఉత్తరాన బొగ్గుగనుల కొండల మాట తీరు. లోపలికి అడుగుపెడుతూనే, "ఏ మూల గాలి తగలదు? అక్కడ నా పిల్ల పడుకుంటది" అంది. గదిలో పెద్దదాన్ని నేను. ఆ మూల నాది. ఇవ్వనందామని నోరు తెరిచాను. వీపు మీద మూట నన్ను చూసి తుమ్మింది. ఇచ్చేశాను.

బిడ్డ పేరు దల్లే. మంచు కరగగానే కొండవాలున అన్నిటికన్నా ముందు మొలిచే సన్నటి అడవి ఉల్లికాడ పేరు అది. పాలు బున్‌సన్‌వే గాని పిల్ల గదిలో అందరిదీ. గుడ్డలు వంతుల వారీగా ఉతికాం. గంజి పైన తేట దానికే పోశాం. మొగుణ్ణి రోకలితో కొట్టి వచ్చిన ఒకామె ఉండేది, ఎవరితోనూ మాట్లాడేది కాదు. దల్లేకు దంతం వచ్చిన రోజున ఆమె నోరు తెరిచి "వచ్చింది" అంది. ఆ సంవత్సరానికి ఆమె మాట అదే.

మొదటి పుట్టినరోజు కూడా చేశాం. బిడ్డ ముందు వస్తువులు పెట్టి ఏది పట్టుకుంటుందో చూస్తాం కదా. మా దగ్గరేమున్నాయి? దుప్పటి అంచు పీకిన దారం, యూన్ పెన్ను, నాలుగు సోయా గింజలు. పెన్ను పట్టుకుంటే పంతులమ్మ, గింజలు పట్టుకుంటే కలవారి కోడలు. అది నేరుగా పాకి వెళ్లి దారం పట్టుకుంది. దారమంటే ఆయుష్షు. బున్‌సన్ చేతులెత్తి గదిలోనే ఒక చుట్టు ఆడింది. "నూరేళ్లే, నూరేళ్లు! చూశావా గిల్‌జా అక్కా!" అంది. వార్డరమ్మ కిటికీలోంచి నోరు మూయమంది.

ఇక అసలు గొడవ. జైల్లో తల్లి దగ్గర బిడ్డను ఏడాదిన్నర నిండేదాకా ఉంచుతారు. ఆ పైన బయట ఎవరైనా తీసుకుపోవాలి, లేకపోతే అనాథాశ్రమం. బున్‌సన్ శిక్ష జులై మొదట్లో తీరుతుంది. దల్లేకు ఏడాదిన్నర జులై చివర నిండుతుంది. ఇద్దరూ కలిసే బయటికి పోతారు. ఆమె రోజూ మనసులో నడుచుకునే దారి అదే: జైలు గుమ్మం, బస్సు స్టాండు, వీపున పిల్ల.

ఏప్రిల్‌లో ఒక పొద్దున వార్డరమ్మ ప్యో వచ్చింది. చెడ్డ మనిషి కాదు, మంచి మనిషీ కాదు, జీతగత్తె.

"దల్లే వాళ్లమ్మా, పిల్లను తీసుకుపోయేవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పు. జూన్ పదహారుకి పంపెయ్యాలి."

"అదేంటి అమ్మగారూ, జూన్ ఏంటి? జులై ఆఖరు కదా."

"డిసెంబరు పదహారున పుట్టిందని నువ్వే రాయించావు. లెక్క చూసుకో."

బున్‌సన్ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. తర్వాత నెమ్మదిగా, "నేను పన్నెండో నెల అన్నాను" అంది. "డిసెంబరు అనలేదు. మాకు నెల అంటే పాత లెక్క నెలే కదమ్మా. పాత లెక్క పన్నెండో నెల పదహారు. అది మీ కొత్త లెక్కలో జనవరి దాటబోయేటప్పుడు వస్తది."

అయ్యో అనిపించింది నాకు. మేం పుట్టినా చచ్చినా పాత లెక్కే. చంద్రుణ్ణి చూసే అమ్మమ్మ పుట్టినరోజు చేస్తాం, తాతకు అన్నం పెడతాం. కొత్త లెక్క జీతాలకీ బడికీ. జైలుకు వచ్చిన రోజున గుమస్తా అడిగాడు, ఎప్పుడు పుట్టిందీ అని. ఈమె తన లెక్కలో చెప్పింది, వాడు తన లెక్కలో రాసుకున్నాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. అయిదు వారాల పైన తేడా వచ్చింది. సరిగ్గా ఆ తేడాలోనే ఆమె విడుదల ఉంది.

"ఊళ్లో పుట్టుక రాయించలేదా?" అని అడిగాను.

"ఎవరు రాయిస్తారక్కా? మా ఆయన శరదృతువులోనే గనిలో పోయాడు. మా అత్త, ఆడపిల్లే కదా, చలికాలం గడిచి బతికితే వసంతంలో రాయిద్దాంలే అంది. వసంతం వచ్చేసరికి నేనిక్కడున్నా."

"అత్త వచ్చి పిల్లను తీసుకుపోదా?"

"నా కల్లు జాడీలు పగలగొట్టినదానివి, నా గడప తొక్కకు అని కబురంపింది. మూడు జాడీల కోసం."

మొదటి ఆదివారం బున్‌సన్ అర్జీ తనే చెప్పి రాయించింది. యూన్ ఎంత మొత్తుకున్నా వినలేదు. "తండ్రివంటి సూపరింటెండెంటుగారికి. నా పిల్ల పాత లెక్క పన్నెండో నెలలో పుట్టింది. మీ గుమస్తా తప్పు రాశాడు. దిద్దించండి. నేను జులైలో పోతాను, నా పిల్లను నాతో పోనివ్వండి." అంతే. యూన్ పెన్ను పక్కన పడేసి, "ఇది అర్జీనా, కిరాణా కొట్టు చీటీనా?" అంది. టోఫు కూడా తీసుకోలేదు, తన పేరు చెడుతుందని.

వెనక్కి వచ్చింది, ఎర్రసిరాతో. "ప్రభుత్వోద్యోగి తప్పు చేశాడనడం వినయం కాదు. రుజువు చూపాలి."

రుజువు! గదిలో నలుగురం తల పట్టుకు కూర్చున్నాం. మంత్రసాని చచ్చిపోయింది. అత్త పలకదు. అప్పుడు నేను, "అసలు నిన్నెందుకు పట్టుకొచ్చారే, మొదట్నుంచీ చెప్పు" అన్నాను. అంతదాకా ఎక్సైజు వాణ్ణి తోసిందని మాత్రమే తెలుసు.

అప్పట్లో బియ్యంతో కల్లు కాయడం నేరం. కాయని ఇల్లు ఉండేది కాదు. పాత లెక్క కొత్త సంవత్సరానికి అత్త మూడు జాడీలు పులియబెట్టి, సోయా జాడీల వెనక దాచింది. పిల్ల పుట్టి వారం కాలేదు. గుమ్మానికి పురిటితాడు కట్టారు, ఎడమవాటుగా పేనిన గడ్డితాడు. ఆడపిల్ల కాబట్టి దానికి బొగ్గుముక్కలు, పైన్ రెమ్మలు గుచ్చారు. ఆ తాడున్న మూడు వారాలూ బయటి మనిషి ఇంట్లోకి రాడు. అప్పులవాడు కూడా బయటే నిలబడి తిట్టి పోతాడు. ఎవరైనా దాటితే కీడు పిల్లకు. ఎక్సైజు వాడు కర్రతో ఆ తాడు పైకెత్తి లోపలికొచ్చాడు. జాడీల అరుగెక్కి ఒక్కో మూత తీసి వాసన చూస్తున్నాడు.

"నేను పురిటిమంచం మీంచి లేచొచ్చా" అంది బున్‌సన్. "తాడు దాటావేంట్రా, నీకు పిల్లల్లేరా అన్నా. నవ్వాడు. ఈ కాలంలో కూడా తాడేంటమ్మా అన్నాడు. తోశా. తోస్తే వాడి తుంటి విరిగింది, జాడీలు పగిలినయ్. అంతే."

యూన్ పిల్ల గుడ్డల మూటలోంచి బున్‌సన్ తీర్పు నకలు తీసింది. బున్‌సన్‌కు అక్షరాలు అంతంతమాత్రం, ఆ కాయితాన్ని పిల్ల గుడ్డల కింద పరుస్తోంది. యూన్ చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. "గుమ్మమునకు ప్రసవ సూచకమగు గడ్డితాడు కట్టియున్నను, అధికారి విధి నిర్వహణార్థము లోనికి ప్రవేశించగా..."

నేను మోకాలి మీద ఫెళ్లున కొట్టుకున్నాను. "దొరికాడే! వాడొచ్చింది జనవరి ఆఖర్నని ఇందులోనే ఉంది. కోర్టే రాసింది తాడుందని. మూడు వారాలకు మించి తాడు ఏ ఇంటి గుమ్మానికీ ఉండదు. డిసెంబరులో పుడితే తాడెప్పుడో కాల్చేసి ఉండాలి కదా! పిల్ల జనవరిలో పుట్టిందని వాళ్ల నోటితోనే చెప్పారు!"

ఆ ఆదివారం మా గదిలో పండగ. యూన్ రెండు వైపులా నిండుగా రాసింది. తీర్పులో ఆ వాక్యం ఉన్న చోటు చూపించింది. తాడు లెక్క విడమరిచింది. ఏ లాయరూ అంత బాగా రాయడు. రోకలి ఆమె కూడా వచ్చి కాయితాన్ని వేలితో తాకి వెళ్లింది.

ఈసారి కాయితం రాలేదు. వార్డరమ్మ ప్యో వచ్చి చెప్పింది. "చదివారు. బాగానే రాశావన్నారు. కానీ మనసు లేదన్నారు. వాదన ఉందన్నారు. చేసిన తప్పు గురించి ఒక్క ముక్క లేదు, తిరిగి కోర్టునే తప్పు పడుతున్నట్టుంది అన్నారు. హృదయం మారిన తల్లి రాస్తే తప్పకుండా ఆలోచిస్తారట."

"హృదయం మారితే పుట్టినరోజు మారుతుందా అమ్మా?" అన్నాను నేను.

"నాతో ఎందుకే చిట్టీలక్కా? నేను చెప్పమన్నది చెప్పా." వెళ్తూ వెళ్తూ ఆగి, గొంతు తగ్గించి, "ఏడ్చి రాయండి" అంది. "ఆయనకు ఏడుపు ఇష్టం."

యూన్ కాయితం తీసింది. "చెప్పు, తోయడం తప్పని రాస్తా."

"తప్పు కాదు" అంది బున్‌సన్.

"కాదని నాకూ తెలుసు. తప్పని రాస్తా."

"వాడు తాడు దాటాడు యూన్ అక్కా. నా పిల్లకు వారం కూడా లేదు. నేనా తప్పు?"

"ఒసేవ్, నేను ముగ్గురు మగాళ్లకు ఒకే పిల్ల మీద ప్రేమలేఖలు రాశాను, ముగ్గురూ నమ్మారు. ఇదెంత? నువ్వు నమ్మక్కర్లేదు, ఆయన నమ్మితే చాలు."

బున్‌సన్ రెండు వారాలు మొండికేసింది. ఆ రెండు ఆదివారాల కాయితాలూ ఖాళీగా పోయాయి. గదిలో ఆమెతో మాట్లాడాలంటే భయమేసేది. కోర్టులో జడ్జి, తప్పు ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తానన్నాడట, అప్పుడూ ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే ఈ గొడవే లేకపోను. ఆ మాట నేననలేదు. ఆమే అంది, పిల్లకు పాలిస్తూ, ఎటో చూస్తూ. తర్వాత, "రాయండి. తప్పే. తప్పేనని రాయండి" అంది. చెంపలు తడవకుండా ఏడ్చింది. అలా ఏడ్చేవాళ్లను నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

యూన్ రాసింది. దేవుడా, ఏం రాసింది! చదివి వినిపిస్తే నాకే ముక్కు చీదుకోవలసి వచ్చింది. "నేను చీకటిలో పుట్టినదానను. ఒక గడ్డితాడును దేశపు చట్టము కన్నా మిన్నగా ఎంచితిని. ఆ మూఢనమ్మకమే నా చేతులను ఒక నిర్దోషి మీదికి తోసినది. నేడు నా కన్నులు తెరుచుకున్నవి..." అలా సాగి సాగి, చివర నాలుగు పంక్తుల్లో పిల్ల పుట్టిన తేదీ దిద్దమనీ, తనతో పంపమనీ.

"గడ్డితాడు మూఢనమ్మకమా?" అంది బున్‌సన్.

"అంటే ఆయనకు నచ్చుతుందే."

బున్‌సన్ కాయితాన్ని కిందకంటా చూసింది. చదవలేదు, ఊరికే చూసింది. వేలిముద్ర వేసింది.

ఆయనకు నచ్చింది. చాలా నచ్చింది. అదే మా కొంప ముంచింది.

జూన్ మొదటి వారంలో మమ్మల్నందరినీ పెద్ద హాల్లో కూర్చోబెట్టారు. రాజధాని నుంచి పెద్దలొచ్చారు, తెల్లచొక్కాల వాళ్లు. సూపరింటెండెంటు వేదికెక్కాడు. సన్నగా, మెత్తగా, నున్నగా దువ్విన తలతో ఉండేవాడు. మనసు విప్పే డబ్బా గురించి చెప్పాడు. అక్షరం రాని పల్లెటూరి ఆడది ఎలా కొత్త మనిషి అయిందో వినండి అని, జేబులోంచి బున్‌సన్ అర్జీ తీసి చదివాడు. గొంతు వణికించి చదివాడు. "ఒక గడ్డితాడును దేశపు చట్టము కన్నా" అన్నచోట కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తెల్లచొక్కాల వాళ్లు తలలూపారు. నా పక్కన బున్‌సన్ ఒళ్లో పిల్లతో, మెడ చాచి కూర్చుంది. చివరి నాలుగు పంక్తుల కోసం చూస్తోంది. నాకు తెలుస్తూనే ఉంది, ఆమె పెదాలు కదులుతున్నాయి, ఆ నాలుగూ ఆమెకు కంఠస్థం.

ఆయన "నేడు నా కన్నులు తెరుచుకున్నవి" దగ్గర ఆపేశాడు. కాయితం మడిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మమ్మల్నీ కొట్టమన్నారు, కొట్టాం.

బున్‌సన్ లేచి నిలబడింది. "అయ్యగారూ, ఇంకా ఉంది" అంది. "కింద ఇంకా ఉంది. పిల్ల సంగతి ఉంది."

ఆయన నవ్వాడు. నిజంగా ప్రేమగానే నవ్వాడు, అదే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిస్తుంది. "కూర్చోమ్మా, కంగారుపడకు" అన్నాడు. ఎవరో పెద్దాయన పిల్ల బుగ్గ గిల్లాడు. ఫొటో తీశారు. బహుమతిగా తువ్వాలు ఇచ్చారు, "కొత్త మనిషి" అని నీలం అక్షరాలు అచ్చువేసింది.

మర్నాడు వార్డరమ్మ ప్యోను పట్టుకున్నాం. ఏమైంది, తేదీ దిద్దారా అని. ఆమె తల దించుకుంది.

"అడిగాను. ఆయనేమన్నారంటే... మూఢనమ్మకాలు వదిలేశానని తనే రాసింది కదా, ఇంకా తాడు రుజువంటుందేమిటి, పాత నెలలంటుందేమిటి అన్నారు. వదిలినవాళ్లు పూర్తిగా వదలాలన్నారు. అర్జీ గాజు ఫ్రేములో కట్టించి ఆఫీసులో పెడుతున్నారు."

కొరివితో తల గోక్కున్నాం. ఉన్న ఒక్క రుజువునూ మా చేత్తోనే మూఢనమ్మకమని రాసి, వేలిముద్ర వేయించి ఇచ్చాం. ఆ తర్వాత యూన్ ఎవరికీ అర్జీ రాయలేదు. టోఫు పెడతామన్నా రాయలేదు.

జూన్ పదహారు శనివారం. ఆశ్రమం నుంచి ఒకామె వచ్చింది. దల్లే ఆమె గొలుసు చూసి నవ్వుతూ చేతులు చాచింది. కొత్త ఎరగదు ఆ పిల్ల, గదినిండా అమ్మలు మరి. బున్‌సన్ ఆ కొత్త మనిషి తువ్వాలులో పిల్లను చుట్టి ఇచ్చింది. వేరే మంచి గుడ్డ లేదు. "దీనికి పాలపిండి పడదు. గంజి తేట పొయ్యండి. రాత్రి వీపు నిమిరితే పడుకుంటది. మూడు వారాల్లో వస్తా. మూడంటే మూడు" అంది. ఆశ్రమం ఆమె "అలాగేనమ్మా" అంది. అందరూ అలాగేనమ్మా అనేవాళ్లే.

నేను జూన్ ఆఖర్న విడుదలయ్యాను. జులై మొదట్లో, జడివానలో, గొడుగేసుకుని, మా ఆచారం ప్రకారం టోఫు ముక్క పట్టుకుని జైలు గుమ్మం ముందు నిలబడ్డాను. బున్‌సన్ బయటికొచ్చింది. "తినవే, మళ్లీ లోపలికి పోకుండా ఉంటావు" అన్నాను. తీసుకుని జేబులో పెట్టుకుంది. "దల్లేకి పెడతా. అది కూడా లోపల ఉండొచ్చిందే కదా" అంది. తడి టోఫు, పట్టుబడ్డనాటి కోటు జేబులోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, అలాగే ఆశ్రమానికి వెళ్లాం.

పిల్ల అక్కడ లేదు. పెద్ద ఆశ్రమానికి పంపాం అన్నారు. అక్కడికి వెళ్తే ఆ పేరు పిల్ల లేదన్నారు. ఊళ్లో పుట్టుక రాయించని పిల్ల కదా, ఆశ్రమమే కొత్త పేరు పెట్టి, తల్లిదండ్రులు లేని పిల్లగా రాయించిందని మాకెలా తెలుస్తుంది? నేను తల్లిని, ఇదిగో ఇక్కడున్నా అంటే, కాయితం చూపించమన్నారు. ఏ కాయితం? ఆమె దగ్గరున్నది జైలు కాయితమే. దాన్ని చూడగానే మొహాలు మారిపోయేవి. జైలు నుంచి తెమ్మన్నారు, జైలు ఆశ్రమాన్ని అడగమంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఒక ఆఫీసు గుమ్మంలో బున్‌సన్ గడప మీద అడ్డంగా పడుకుంది. ఇద్దరు జవాన్లు పక్కకు మోసి పడుకోబెట్టి, తిరిగి పనిలోకి పోయారు.

చెస్ట్‌నట్లు రాలే శరదృతువు రోజుల్లో ఒక ఆఫీసులో చిన్న వయసు గుమస్తా, కడుపుతో ఉన్న పిల్ల, జాలిపడి బీరువాలోంచి ఒక కట్ట తీసింది. ఫొటో చూపించింది. దల్లే. చేతిలో కొత్త మనిషి తువ్వాలు.

"దత్తతకు విమానమెక్కింది పెద్దమ్మా. పోయిన వారం. దేశం పేరు చెప్పకూడదు. చలిదేశం, మంచి ఇల్లు."

"పోయిన వారమా?" అంది బున్‌సన్. మళ్లీ అంది. మళ్లీ అంది.

"పేరు మారుస్తారు. ఇంకేం చెప్పలేను" అని, ఆ అమ్మాయి కాయితాలు సర్దుతూ, ఓదార్పుగా ఏదో ఒకటి చెప్పాలని కాబోలు, "పుట్టినరోజు మాత్రం మార్చరు. ఇందులో ఉన్నదే ఉంటుంది, డిసెంబరు పదహారు" అంది.

బున్‌సన్ నా దగ్గరే ఉండిపోయింది. నేను మార్కెట్టులో పెసరట్లు పోసే దుకాణం పెట్టాను, ఆమె ఎదురు వరసలో చేపలు శుభ్రం చేసేది. ఇద్దరిదీ ఒకే సందు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు, ఎవరితోనూ పెద్దగా తగవూ పడలేదు. ఎవరైనా బిడ్డను కంటే, వాళ్ల గుమ్మం దారిన పోకుండా చుట్టూ తిరిగి పోయేది. ఈ రోజుల్లో తాళ్లెవరు కడుతున్నారే అంటే, "కట్టకపోయినా ఉంటది" అనేది. ఏటా పాత లెక్క పన్నెండో నెల పదహారున తెల్లవారకుండా లేచి సముద్రపు నాచు చారు కాచేది. పుట్టినరోజున తాగేది అదే కదా మనకి. ఒక గిన్నె తను, ఒకటి నాకు, ఒకటి గాలి తగలని మూలన.

అలా చాలా ఏళ్లు. ఒక ఏడు డిసెంబరులో, పాత లెక్కకు ఇంకా చాలా ఉండగానే, పొద్దున్నే నాచు వాసన వచ్చింది. తలుపు తోసుకుని వెళ్లాను. చారు మరుగుతోంది. గోడ మీద క్యాలెండరులో పదహారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమే, మతి పోయిందా? ఇవాళ కాదు కదే! ఇవాళ కాదని చెప్పడానికే కదా అన్ని అర్జీలు రాశాం! దాని కోసమే కదా తప్పని రాసి వేలిముద్ర వేశావు!"

బున్‌సన్ గరిటె తిప్పుతూనే ఉంది.

"అసలు రోజు నాకొక్కదానికే తెలుసు గిల్‌జా అక్కా. దానికెవరు చెబుతారు? అది ఇవాళే పుట్టాననుకుంటది. ఇవాళే ఎవరో దానికి అన్నం పెట్టి, నూరేళ్లు బతకమంటారు. నేను ఇంకో రోజు చారు తాగితే, ఎవరి పుట్టినరోజు చేసినట్టు?"

ఆమె మూడు గిన్నెల్లో పోసింది. ఒకటి నా ముందు పెట్టింది. "చల్లారిపోద్ది, తాగు" అంది. ఆ తేదీ రాసిన చెయ్యి విరిగిపోను అని తిట్టుకుంటూనే గిన్నె ఖాళీ చేశాను, ఇంకో గిన్నె పొయ్యమన్నాను.